మందు తాగని కుక్క

వరి పండించే ఊళ్ళలో ఏ ప్రాణి నోట్లోంచి నురగ వచ్చినా, అది మనిషైనా గొడ్డైనా, మొదట అడిగే మాట ఒకటే: ఏ మందు? ఏమైందని ఎవరూ అడగరు. పొలానికి కొట్టే పురుగుమందును మేము ఉత్తినే మందు అంటాం. కర్ణాటకలో బాళగనూరు దగ్గర, ఆంధ్రా నుంచి వచ్చిన రైతులు పొలాలు కొని స్థిరపడ్డ మా క్యాంపుకు నేను కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళయింది. ఈ ముప్పై ఏళ్ళలో మందు తాగిన గేదెల్ని చూశాను, కోళ్ళని చూశాను, చెప్పుకోలేని వాళ్ళనీ చూశాను. అందుకే మా కుక్క పశువుల కొట్టం వెనక పడిపోయి కాళ్ళు కొట్టుకుంటుంటే, నాకు కనిపించింది కుక్క కాదు, మందు.

దానికి పిల్లలు ఏదో పేరు పెట్టారు. వాళ్ళు చదువులకని హాస్టళ్ళకు వెళ్ళాక ఆ పేరు పలికే వాళ్ళే లేకపోయారు. మా ఇద్దరికీ అది ఒట్టి ‘ఒరేయ్’. ఎవరైనా వీధిలోంచి మా ఆయన్ని ఒరేయ్ అని కేకేసినా ముందు అదే లేచి వెళుతుంది. ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. పిల్లగా ఉన్నప్పుడు దానికొక అలవాటుండేది. ఉన్నట్టుండి తల పైకెత్తి, గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు టకటకా నోరు ఆడించేది. అక్కడ ఈగ ఉండదు, దోమ ఉండదు. లేని ఈగల్ని పట్టే కుక్క మాదే అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్ళం. వచ్చిన చుట్టాలకు కూడా చూపించి నవ్వించేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపమొస్తుంది.

మొదటిసారి పడిపోయినప్పుడు దానికి రెండేళ్ళుంటాయి. పైరు పొట్టమీద ఉన్న రోజులు, ఊరంతా మందు వాసన. ఒక పక్కకు పడి, మెడ వెనక్కి విరుచుకుని, నాలుగు కాళ్ళూ పరుగెత్తుతున్నట్టు ఆడిస్తోంది. దవడలు పటపటమంటున్నాయి. నురగ, కింద తడి. మా ఆయన పొలంలో ఉన్నాడు. నేను అరిచిన అరుపుకు ఎదురింటి పిన్ని పరుగున వచ్చింది. గేదెలు అమ్మేసి ఎన్నేళ్ళయినా, వాటికి మందులు పోసే వెదురు గొట్టం ఇంకా కొట్టం గోడకు వేలాడుతూనే ఉంది. పిన్ని తల పట్టుకుంది, నేను చెంబెడు ఉప్పునీళ్ళు గొట్టంలో పోసి దాని గొంతులోకి వంచాను. మా వైపు ఇది పుట్టుకతో వచ్చే విద్య. కక్కిస్తే బతుకుతుంది, అంతే.

అది కక్కలేదు గానీ కాసేపటికి లేచింది. తూలుతూ గోడకు గుద్దుకుని, మళ్ళీ తూలి, చివరికి గిన్నె దగ్గరికి వెళ్ళి పొద్దుటి అన్నమంతా తినేసింది. పిన్ని సాయంత్రానికల్లా క్యాంపంతా చెప్పేసింది, నా చేతి ఉప్పునీళ్ళకు చావబోయే కుక్క లేచి కూర్చుందని. నేనూ కాదనలేదు. నన్ను పొగిడిన వాళ్ళు ఈ క్యాంపులో తక్కువ. అది తనంతట తనే లేచిందని, నేను పోయకపోయినా లేచేదని నాకప్పుడు తెలియదు.

నెలన్నరకు మళ్ళీ పడింది. ఈసారి చేయి తిరిగిన దాన్ని కదా, రెండు చెంబులు పోశాను. గొంతులో గురగురమంది. లేచింది గానీ దగ్గు పట్టుకుంది, మర్నాటికి ఒళ్ళు కాలిపోతోంది. ఆటో మాట్లాడుకుని మస్కిలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. వెళ్ళేటప్పుడు కొట్టంలో ఉన్న మందు సీసా చేతిలో పట్టుకున్నాను. అదీ మా ఆచారమే. మనిషినైనా గొడ్డునైనా ఆసుపత్రికి తీసుకెళితే, తాగిన మందు సీసా వెంట పట్టుకెళ్ళాలి, లేకపోతే డాక్టరు కోప్పడతాడు.

ఆ డాక్టరు కన్నడాయన, తెలుగు నిదానంగా మాట్లాడతాడు. సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నాకు తిరిగిచ్చి, దీనికి ఇంకా సీలు కూడా తీయలేదు కదమ్మా అన్నాడు. నిజమే. ఆ వారమంతా వాన పట్టి మా ఆయన మందు కొట్టనేలేదు. సీసా తెచ్చిన నేను మూత వైపు చూడలేదు. మా ఆయన నా వైపు చూశాడు, నేను కిటికీ వైపు చూశాను.

తర్వాత ఆయన వరసగా అడిగాడు. పడిపోయే ముందు ఎలా ఉంది? ఎన్ని నిమిషాలు కొట్టుకుంది? లేచాక మిమ్మల్ని గుర్తుపట్టిందా? పడిన రోజున నేను ఉప్పు ఎక్కడుందో చూశాను, గొట్టం చూశాను, సీసా చూశాను. కుక్కను మాత్రం చూడలేదు. ఆఖరున, నోట్లో ఏమైనా పోశారా అని అడిగాడు. లేదన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. సీసా సంగతితో పోయిన పరువు చాలనిపించి ఉంటుంది. కాలవలో దిగి చలి పట్టిందేమోనండీ అని ఒక ముక్క కూడా కలిపాను.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. నిజంగానే మందు కడుపులో పడితే కుక్కకు చొంగ ఆగదు, వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా అదురుతూనే ఉంటుంది, అలాంటప్పుడు సీసాతో సహా పరుగెత్తుకు రావలసిందే. ఇలా పడి, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగి, లేచి, కాసేపు తికమకపడి మళ్ళీ మామూలైతే మూర్ఛ అనుకోవాలట. మనుషులకు వచ్చేదే కుక్కలకూ వస్తుందట. గాల్లో ఈగల్ని పట్టడం గురించి నేనే సిగ్గుపడుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. అవీ చిన్న మూర్ఛలే అయి ఉండొచ్చన్నాడు. ఈసారి వస్తే ఫోన్లో వీడియో తీయండి, గడియారం చూడండి, నోటి దగ్గరికి చెయ్యి గానీ నీళ్ళు గానీ పోనివ్వకండి, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ మాటలన్నీ బుద్ధిగా విన్నాను.

దగ్గు తగ్గడానికి నెల పట్టింది. మూర్ఛకు మనుషులు వేసుకునే మాత్రే రాసిచ్చాడు, పొద్దున ఆరింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. ఎప్పటిదాకా అని అడిగితే, ఉన్నన్నాళ్ళూ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. అది ఎంత పొడుగు మాటో తర్వాత తెలిసింది.

నాలుగేళ్ళు. రోజుకు రెండుసార్లు అరటిపండు ముక్కలో మాత్ర దూర్చి దాని నాలుక మీద పెట్టాను. నాట్లప్పుడు, కోతలప్పుడు, నాకు జ్వరం వచ్చినప్పుడు, ఎప్పుడూ తప్పలేదు. ఒక్కసారి గోదావరి వైపు మా తమ్ముడి కూతురి పెళ్ళికి వెళ్ళి రెండు రోజులుంటే, ఇక్కడ మా ఆయన మూడు పూటలు మరిచిపోయాడు. ఒకే రోజు రెండుసార్లు పడిందని ఫోను చేస్తే, అప్పగింతలు కూడా చూడకుండా బస్సెక్కాను. కుక్క కోసమా అని మా తమ్ముడు అడిగాడు. అవునన్నాను. వాడింకా ఆ మాట మరిచిపోలేదు. మళ్ళీ ఎక్కడికీ రాత్రి ఉండేలా వెళ్ళలేదు. ఇది ప్రేమ అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఆరు కొట్టగానే వంట మధ్యలో లేవడం, అంతే. విసుక్కుంటూనే లేస్తాను. విసుక్కుంటూనే తల నిమురుతాను.

అయితే ఈ నాలుగేళ్ళలో దాన్ని చూడటం నేర్చుకున్నాను. పడబోయే రోజు అది నన్ను వదలదు. వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, బావి దగ్గరికెళితే అక్కడికి, తల తెచ్చి నా చీర కుచ్చిళ్ళలో దూర్చుతుంది. ఊరికే మూతి నాక్కుంటుంది. పిలిస్తే చూస్తుంది గానీ ఆ చూపు నా దాకా రాదు. తర్వాత కాళ్ళు కట్టెల్లా బిగుస్తాయి. అప్పుడు నేను చేసేది ఏమీ లేదు. చుట్టూ రాయీ రప్పా తీసేసి, తల కింద గోనె మడిచిపెట్టి, గడియారం చూస్తూ కూర్చోవడం. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకుండా ఇంకొకటి వచ్చినా వెంటనే మస్కి పరుగెత్తాలి. ఇంతవరకు మూడు దాటలేదు. లేచాక అరగంట పాటు దానికి నేనెవరో తెలియదు. కళ్ళుండీ గుడ్డిదానిలా తిరుగుతుంది. అన్నిటికన్నా నాకు కష్టమనిపించేది ఆ అరగంటే. క్యాలెండరు మీద చుక్క పెట్టుకుని మళ్ళీ పనిలో పడతాను.

ఇంత నేర్చుకున్నదాన్ని, పిన్నికి మాత్రం నిజం చెప్పలేదు. మూర్ఛ అని చెప్పాను, మాత్రలేస్తున్నానని చెప్పాను, ఉప్పునీళ్ళ సంగతి దాటేశాను. ఆవిడ దృష్టిలో ఆ రోజు కుక్కను బతికించింది ఉప్పునీళ్ళే. రెండేళ్ళ కిందట వెనక వీధిలో ఒక కుక్కపిల్ల కొట్టుకుంటుంటే ఆవిడే వెళ్ళి పోయించింది. అది ఆ సాయంత్రమే పోయింది. మందు బాగా ఎక్కేసింది పాపం అన్నారందరూ. దాన్ని చంపింది మందో, పోసిన నీళ్ళో నాకు తెలియదు. ఆ రోజు అన్నం సహించలేదు. అయినా నోరు తెరవలేదు.

మొన్న వేసవి పంట కోతలయ్యాక ధాన్యం లారీకెత్తే రోజున అది పొద్దుటినుంచీ నా వెనకే తిరిగింది. కుచ్చిళ్ళలో తల దూర్చింది. చూశాను. కల్లంలో పదిమంది హమాలీలు, వాళ్ళకు టీలు, మంచినీళ్ళు, తూకం దగ్గర మా ఆయన కేకలు. దాన్ని గదిలో పెట్టి గడియ వేస్తే పోయేది. రెండు నిమిషాల పని. కానీ నాలుగేళ్ళ అలసట ఆ పూటే కాళ్ళలోకి దిగినట్టయింది. ఈ ఒక్క రోజు ఏమీ కాదులే అనుకుని, చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

సాయంత్రం నాలుగున్నరకు, సగం లోడు ఎక్కాక, పట్టా మీద పోసిన ధాన్యం అంచున పడిపోయింది. నేను టీ గ్లాసులు కింద పడేసి పరుగెత్తేసరికి హమాలీలు చుట్టూ మూగారు. వాళ్ళ మేస్త్రీ రాయచూరు మనిషి, యాభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. లారీకి ఆన్చిన కర్ర అందుకుని నిలబడ్డాడు.

“దూరం జరుగమ్మా. గా కుక్క పిచ్చిది,” అన్నాడు.

పిచ్చిది కాదని, ఏటేటా సూది వేయిస్తున్నామని, చీటీ ఇంట్లో ఉందని, ఇది మూర్ఛ అని గబగబా చెప్పాను. కుక్కకూ ఆయనకూ మధ్య కూర్చుండిపోయాను. ఆయన కదలలేదు. కోపం లేదు ఆ ముఖంలో, భయం ఉంది.

“మా అన్న కొడుకు గిట్లనే పోయిండు. కుక్క జరంత గీరితే ఏంగాదులే అనుకున్నం, దవాఖానకు పోలే. నీళ్ళు సూస్తే వణికి సచ్చిండు. నువ్వు పక్కకు జరుగు.”

ఆయన చూసింది ఆయన చూశాడు. నురగ చూస్తే నాకు మందు కనిపించినట్టు ఆయనకు ఆ పిల్లాడు కనిపిస్తున్నాడు. ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా పిన్ని చెంబుతో వచ్చింది. గొట్టం కూడా తెచ్చింది. నా కొట్టంలోని గొట్టమే. తల పట్టుకోవే, పోసేద్దాం, ఆ రోజు బతికించావు కదా అంటోంది. ముందు కర్ర, వెనక ఉప్పునీళ్ళు, మధ్యలో నేలమీద అది. రెండిట్లో ఏది తగిలినా అది పోతుంది.

నాకు ఓపిక అయిపోయింది. అబద్ధం మోయడానికి కూడా ఓపిక కావాలి.

“పిన్నీ, ఆ నీళ్ళు పారబొయ్యి. ఆ రోజు నేను బతికించలేదు. రెండోసారి పడినప్పుడు దాని ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోసింది నేనే. నెల్లాళ్ళు దగ్గింది అందుకే. డాక్టరు అడిగితే పోయలేదని అబద్ధం చెప్పాను.”

అందరి ముందూ అన్నాను. పిన్ని చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక వీధి కుక్కపిల్ల ఆవిడకు గుర్తొచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది. మా ఆయన తూకం దగ్గర్నుంచి వచ్చి గొట్టం ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. నాకు వినపడేలా మాత్రమే, “నాకు తెలుసులే. రెండోసారి పడిన రోజు దీని నిండా ఉప్పే కదా,” అన్నాడు. నాలుగేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుని, గొట్టం కడిగి మళ్ళీ గోడకు తగిలించిన మనిషి. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మేస్త్రీతో ఒక్కటే అడిగాను. గడియారం చూడమన్నాను. ఇంకొక్క నిమిషంలో ఆగుతుంది, ఆగాక లేస్తుంది, అరగంటలో నన్ను గుర్తుపట్టి నా దగ్గరికొస్తుంది, రాకపోతే నేనే అడ్డు తప్పుకుంటానని చెప్పాను. అరగంట అనేది ఒక్కోసారి గంట కూడా అవుతుందని నాకు తెలుసు. చెప్పలేదు. ఆయన కర్ర దించకుండానే సరేనన్నట్టు తలాడించాడు. ఎవరూ దగ్గరికి రావద్దని మా ఆయన అందర్నీ వెనక్కి పంపాడు.

ఆగింది. కాసేపు చచ్చినట్టు పడుకుంది. తర్వాత ముందు కాళ్ళ మీద లేచింది, కూలబడింది, మళ్ళీ లేచింది. ధాన్యంలో అడ్డదిడ్డంగా నడిచింది. నేను నేలమీద కూర్చుని, ఒరేయ్, ఒరేయ్ అంటూ చెయ్యి చాపాను. అది నా చెయ్యి పక్కనుంచే, నేనొక గోనెసంచి అయినట్టు, దాటి వెళ్ళిపోయింది. వెళ్ళి వెళ్ళి మేస్త్రీ కాళ్ళ దగ్గర ఆగి, నుదురు తీసుకెళ్ళి ఆయన మోకాలి కింద ఆన్చి, అలాగే నిలబడింది. గోడ దొరికిందనుకుందేమో.

ఆయన ముఖంలో రక్తం లేదు. కర్ర పైకి లేచింది, అక్కడే ఆగింది. కుక్క కళ్ళు మూసుకుని తన బరువంతా ఆ కాలి మీదే వేసింది.

“ఎంతసేపు నిలవడాలమ్మా గిట్ల?” అన్నాడు చివరికి, పెదాలు కదపకుండా.

“అది కదిలేదాకా,” అన్నాను.

నిలబడ్డాడు. లారీ డ్రైవరు హారన్ కొట్టబోతే ఆయనే చేత్తో వద్దని సైగ చేశాడు. నేను ఏడ్చాను. బతికిందన్న సంతోషం కొంత. నాలుగేళ్ళు పొద్దునా సాయంత్రం తినిపించిన నన్ను దాటిపోయి, కొట్టబోయిన వాడి కాలికి ఆనుకుందే అన్న ఉక్రోషం కొంత. మిగతాది ఒట్టి అలసట. కుళ్ళుకోవడానికి కుక్క తప్ప ఇంకెవరూ దొరకలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పావుగంటకు అది కదిలింది. గిన్నె దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. నీళ్ళు తాగుతుంటే మేస్త్రీ కన్నార్పకుండా చూశాడు, ఆ చప్పుడు ఆగేదాకా చూశాడు. అప్పుడు కర్రను లారీ కిందికి తోసేశాడు. మిగతా బస్తాలు ఎక్కించడానికి ఇంకో గంట పట్టింది. ఆరయింది. నేను అరటిపండు ముక్కలో మాత్ర దూర్చి చెయ్యి చాపాను. అది వచ్చి తిని, వేళ్ళు నాకి, నా ముఖంలోకి చూసింది. ఈసారి చూపు నా దాకా వచ్చింది.

మేస్త్రీ తువ్వాలు దులుపుకుంటూ, చూసిపోదామని కాబోలు, మా గుమ్మం వైపు నాలుగడుగులు వేశాడు. అంతే, అది మెడ మీద వెంట్రుకలు లేపుకుని, ఇంటికి దొంగ వచ్చినట్టు, గొంతు చించుకుని ఆయన మీదికి మొరిగింది. నేను మెడ పట్టుకుని ఆపితే గానీ ఆగలేదు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఆ రోజంతటిలో ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

“నేను పరాయోణ్ణయిన,” అన్నాడు. “ఇగ మంచిగైందమ్మా నీ కుక్క.”